మూడు దేశాలూ ఒక గోడా

నేను ఒక హెడ్‌సెట్‌ని. మీలాగే నాకూ నోరు ఒకటి, చెవులు రెండు. కాకపోతే నా నోరు వింటుంది, చెవులు మాట్లాడతాయి. ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, మండపేటలో సెల్‌ఫోన్ల కొట్లో ఆర్నెల్లు కొక్కేనికి వేలాడి, చివరికి నందివాడ భాస్కరం గారి తలకెక్కాను.

భాస్కరం గారు బియ్యం గోదాములో కాటా గుమాస్తా. బడిపిల్లల భోజనానికి వెళ్లాల్సిన మంచి బస్తాలను దారి మళ్లించి పురుగుల బియ్యం పంపడం ఆయన కళ్లారా చూశారు. ఆ సంగతి షమీమ్ అనే విలేకరికి చెప్పాలి. చెప్పినట్టు యజమానికి తెలిస్తే ఉద్యోగం పోవడమే కాదు, ఒళ్లూ దక్కదు. మామూలు ఫోనైతే ఎవరికి చేశారో కూపీ లాగగల ఘటం ఆ యజమాని.

అందుకని షమీమ్ ఆయన కంప్యూటర్లో ఒక ఏర్పాటు చేయించింది. మాటకు తాళం పడుతుంది. ఆపైన మూడు పొరలు చుట్టుకుని మూడు దేశాల కంప్యూటర్ల మీదుగా వెళ్తుంది. ఎవరు ఎవరితో మాట్లాడారో మధ్యలో ఏ ఒక్కదానికీ పూర్తిగా తెలియదు. ఈ ప్రయాణానికి అయిదారు సెకన్లు పడుతుంది. భాస్కరం గారి ఓపిక రెండు సెకన్లు.

"హలో! ఇనపడతందాండీ? అన్నీ పురుగులేనండీ!"

జవాబు వెంటనే రాదు. మూడు దేశాలు దాటాల్సిన మాటకు ఆ మాత్రం ఊపు ఉండాలనుకుని ఆయన గొంతు పెంచేవారు. "పురుగులండీ! పు...రు...గు...లు!"

గుట్టు మూడు దేశాల్లో పదిలంగానే ఉంది. పక్కింటి గోడ దగ్గరే వచ్చింది చిక్కు.

ఆ గోడకవతల లోవమ్మ, దోసెల పిండి అమ్ముకునే మనిషి. ఈయన నన్ను తలకు తగిలించుకుని నోరు తెరిస్తే చాలు, ఆవిడ గ్రైండరు గర్రుమనేది. భాస్కరం గారికి ఒళ్లు మండిపోయేది.

"నేను కూచున్నప్పుడే రుబ్బాలేటమ్మా? ముహూర్తం ఎట్టించుకున్నావా?"

"పిండి పులవాలి కదండీ" అని ఆవిడ ఊరుకునేది. ఆ మోతకు ఈయన ఇంకా అరిచేవారు. గ్రైండరూ తగ్గేది కాదు.

వార్త పడింది. మర్నాడే యజమాని మనిషి ఒకడు గుమాస్తాల ఇళ్ల చుట్టూ ఆరా తీస్తూ మా వీధిలోకి దిగాడు. లోవమ్మ గుమ్మం ముందు ఆగి, "పక్కింటాయన ఫోన్లో ఏవన్నా మాట్టాడగా ఇన్నావా?" అన్నాడు. గోడకివతల భాస్కరం గారు నన్ను తువ్వాల్లో చుట్టి గుండెకు అదుముకున్నారు. నిజం చెప్పొద్దూ, నేనూ భయపడ్డాను.

"ఈ మోతలో మా ఆయన పిలిస్తేనే ఇనపడదు బాబూ. ఓ కేజీ పిండి అట్టుకెళ్తావా?" అంది లోవమ్మ.

వాడు పిండి పుచ్చుకుని వెళ్లిపోయాడు. భాస్కరం గారికి ప్రాణం లేచొచ్చింది. గబగబా గోడ దగ్గరికి వెళ్లారు.

"నీ పిండి నన్ను బతికించిందమ్మా. తెలీక తిట్టాను."

"పిండెక్కడిదండీ? అది పొద్దున్నే రుబ్బేస్తాను. మా పిల్ల కూడా బళ్లో ఆ బియ్యమే తింటందండి. తవరు కేకలెట్టినప్పుడల్లా ఒట్టి నీళ్లు పోసి రుబ్బానండి."

"నీకు దణ్ణమమ్మా" అని భాస్కరం గారు గొంతు తగ్గించి మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఇప్పుడు నేను తీగ తెగి మరమ్మతు కొట్లో పడి ఉన్నాను. నా పక్కనే లోవమ్మ గ్రైండరు, బెల్టు అరిగిపోయి. మా ఇద్దరినీ తెచ్చింది భాస్కరం గారే. ముందు దాని పని చూడమన్నారు. న్యాయమే, నాకేం చిన్నతనం అనిపించలేదు. కాకపోతే ఆ ముక్క సందు చివరిదాకా వినబడేలా చెప్పి వెళ్లారు.