నడవాలో నలభై నిమిషాలు

పనివేళలో మా అమ్మాయి ఫోన్ చేసిందంటే నా గుండె జారిపోతుంది. కళ్ళు తిరిగి పడిపోయిందేమో, ఆ ఎక్స్‌రే గదిలో ఏమైనా అయిందేమో అనుకుంటూ ఎత్తాను. తీరా చూస్తే, మాంసం కొట్టుకెళ్ళి ఒక కోడి కాలు తెమ్మంది. ముక్కలు కొట్టించవద్దంది. ల్యాబులో ఫ్రిజ్ ఆగిపోయి, ఫోటో తీసి చూపడానికి వాళ్ళు దాచుకున్న మాంసం నమూనా పాడైపోయిందట. నాలుగింటికి ఆసుపత్రి నుంచి పెద్ద సర్జన్ వస్తున్నాడు.

ఆయన రాక ఎంత ముఖ్యమో నాకు తెలుసు. మూడేళ్ళుగా మా అమ్మాయి ఆ గదిలోని కొత్తరకం ఎక్స్‌రే యంత్రం మీదే బతుకుతోంది. మామూలు ఎక్స్‌రేలో ఎముక తెల్లగా పడుతుంది, కండా కొవ్వూ కలిసిపోయి మసక మసకగా ఉంటాయి. కాని ఆ కిరణం మెత్తని కండలోంచి పోయేటప్పుడు వెంట్రుకవాసిలో వెయ్యోవంతు పక్కకు వంగుతుందట. ఆ వంపును పట్టుకోగలిగితే కండ వేరుగా, కొవ్వు వేరుగా, మధ్య పొర వేరుగా కనిపిస్తాయి. వీధంత పొడవు యంత్రాలతో వేరేచోట్ల ఎప్పటినుంచో చేస్తున్న పనేనట. వీళ్ళు ఒక్క గదిలో చేసి చూపాలి. సర్జన్‌కు నచ్చితే, రొమ్ములోంచి తీసిన గడ్డలు పంపిస్తాడు. అంచుల్లో రోగం మిగిలిందో లేదో వీళ్ళు చూసి చెప్పాలి. నచ్చకపోతే వచ్చే నెల గది ఖాళీ చేయాలి.

ఒంటిగంటకు సంచీతో వెళ్ళాను. యంత్రానికి మరలు బిగించే పెద్దాయన్ని అక్కడ అందరూ బోల్టుగారంటారు. కోడి కాలును పెళ్ళికూతుర్ని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి, డబ్బాలో కదలకుండా బిగించాడు. సీసం తలుపు మూసుకుంది. పైన ఎర్ర దీపం వెలిగింది. నన్ను నడవాలో ఉండమన్నారు.

లోపల సీసం అడ్డు వెనక కూర్చున్న మా అమ్మాయీ ఆయనా నలభై నిమిషాలకు మొహాలు వేలాడేసుకుని బయటికొచ్చారు. లోపల దువ్వెన పళ్ళలాంటి సన్నగీతల పలకలుంటాయట. అందులో ఒకదాన్ని కంటికి ఆననంత కొద్దికొద్దిగా జరుపుతూ తొమ్మిది ఫోటోలు తీయాలి. ఆ తొమ్మిదీ కలిస్తేనే బొమ్మ. వాటిలో నాలుగు ఏదో అదురుకు చెదిరిపోయాయి. బోల్టుగారు లిఫ్టును తిట్టుకుంటూ వెళ్ళి దాన్ని ఆపించాడు. రెండోసారి సగంలోనే మళ్ళీ అదిరింది. మా అమ్మాయి పెదవి కొరుక్కుంటోంది. చిన్నప్పుడు జ్వరంలో అలాగే కొరుక్కునేది. ఇక పిల్ల పని అయిపోయిందనుకుని, దేవుళ్ళందరినీ తలుచుకుంటూ ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతున్నాను.

బోల్టుగారు గుమ్మంలో నిలబడి నా కాళ్ళకేసి చూశాడు.

"అక్కయ్యా, ఎప్పటినుంచి నడుస్తున్నారు?"

"తలుపు మూసినప్పటినుంచి."

పాత మేడ కదా, నడవా నేలా గది నేలా ఒకటే. నా మడమ పడ్డప్పుడల్లా లోపల పలక ఒణుకుతోందట. కన్నబిడ్డ మూడేళ్ళ కష్టాన్ని నా కాళ్ళతో నేనే తొక్కుతున్నాను. ఇంటికి పోతానన్నాను. మా అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది.

"నీ బెంగకి బరువెక్కువే అమ్మా. పోవద్దు. మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చో. నువ్వు కదలకు, ఎవర్నీ కదలనివ్వకు."

మూడింటికి మళ్ళీ దీపం వెలిగింది. నేను గోడ బొమ్మలా కూర్చున్నాను. ఫైళ్ళమ్మాయిని వెనక్కి పంపాను. నీళ్ళ డబ్బా దొర్లించుకొస్తున్నవాణ్ణి కళ్ళతోనే ఆపాను. మూడూ ఇరవైకి టకటకమని బూట్ల చప్పుడు. నడివయసాయన, చంకలో సంచీ.

"అక్కడే ఆగు బాబూ. బూట్లు విప్పి ఆ స్టూలు మీద కూర్చో. కాలు ఊపకు."

ఆయన బుద్ధిగా విప్పాడు. లోపలేం జరుగుతోందని గుసగుసగా అడిగాడు. మా అమ్మాయి కోడి కాలుకు ఫోటో తీస్తోందనీ, ఎవరో పెద్ద డాక్టరుకు చూపించాలనీ చెప్పాను.

"ఆయన ముందే వచ్చేస్తే?"

"డాక్టర్లు టైముకే రారు, ఇంక ముందొస్తారా? ఆ ధైర్యంతోనే ఉన్నాం."

ఆయన మేజోళ్ళకేసి చూసుకుంటూ కూర్చున్నాడు.

దీపం ఆరింది. మా అమ్మాయి తలుపు తీసి, ఆయన్ని చూసి కొయ్యబారిపోయింది. తర్వాత "సార్" అంది. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. ఆయన మాత్రం మేజోళ్ళతోనే లోపలికి నడిచాడు, అదీ మెల్లగా.

మా అమ్మాయి నన్నూ రమ్మంది. తెరమీద బొమ్మ గీత గీతగా పైనుంచి దిగుతోంది. తోలు కింద కొవ్వు పొర, దాని కింద పోగులు పోగులుగా కండ, ఎముక కొసను మృదులాస్థి అనే మెత్తటి పొర, పాల మీద మీగడంత పలుచగా. అంతా విడివిడిగా, స్పష్టంగా. సర్జన్ ముక్కు తెరకు తగిలేంత దగ్గరికి వంగాడు. పక్కన మామూలు ఎక్స్‌రే పెట్టించుకుని, కీలు దగ్గర కండను ఎముకకు కట్టే నరంలో సన్నటి చీలిక చూపించాడు. మామూలు దాంట్లో అది లేదు.

"ఇది నిజంగా ఉందా, మీ యంత్రం కల్పించిందా?"

బోల్టుగారు కోడి కాలు తెచ్చి బల్లమీద పెట్టాడు. సర్జన్ తన సంచీలోంచి చిన్న కత్తి తీసి, తోలు ఒలిచి, కండ పక్కకు జరిపాడు. చీలిక అక్కడే ఉంది. గోరు అంచంత.

ఆయన చేతులు తుడుచుకుని ఫోన్ తీశాడు. "గురువారం ఆపరేషన్లో తీసే గడ్డని నేరుగా ఇక్కడికి పంపండి," అన్నాడు అవతలివాళ్ళతో. "ఆ అంచులు ఇక్కడ చూశాకే ఆ పేషెంటుకి కుట్లు వేస్తాను."

మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు నలిగిపోతున్నా లాక్కోలేదు.