నాలుగో గుంట

ల్యాబుల్లో ఒక పాడు అలవాటు ఉంది. ఏదైనా నమూనా తమ మాట వినకపోతే చెడిపోయిందని పారేసి కొత్తది పెట్టుకుంటారు. చెడింది నమూనానో తమ బుర్రో ఎవరూ ఆలోచించరు.

పిట్ట ఐదేళ్లుగా అలాంటి ల్యాబులోనే పనిచేస్తోంది. సన్నగా ఉంటుందని అక్క పెట్టిన ముద్దుపేరది, ఇక్కడా అదే స్థిరపడిపోయింది. రక్తనాళాల లోపలి పొరలో ఉండే కణాలను ప్లేటులోని చిన్న చిన్న గుంటల్లో పరిచి, వాటిమీద కణితి ఉన్న రోగుల సీరం, అంటే రక్తంలోంచి వేరుచేసిన పల్చటి ద్రవం, చుక్కలు వేయడం ఆమె పని. కణితి పెరగాలంటే రక్తం కావాలి. అందుకని అది ఒక ప్రోటీన్‌ను వదులుతుంది. ల్యాబులో దాన్ని ‘పిలుపు’ అంటారు. అది అందగానే అంతదాకా మెదలకుండా పడున్న కణాలు కదిలి, బారులు తీరి, ఒకదాన్నొకటి పట్టుకుని గొట్టాలవుతాయి. ఎవరు పిలిచారో, ఎందుకు పిలిచారో వాటికి అక్కర్లేదు.

పోల్చి చూడ్డానికి ఆరోగ్యవంతుల సీరం కూడా కావాలి. అందుకోసం ఊరంతా తిరిగే ఓపిక ఎవరికుంది? ల్యాబు నడిపే మేడమ్, పిట్ట, గాజుసామాను కడిగే ఆవిడ, ఒకరోజు చెల్లెలి కోసం వచ్చి దొరికిపోయిన అక్క, నలుగురూ తలా కాస్త రక్తం ఇచ్చారు. ఎవరిది ఏ నంబరో రాసిన పుస్తకం మేడమ్ బీరువాలో ఉంటుంది. పరీక్ష చేసేవాళ్లు దాన్ని చూడకూడదు.

ఆ మధ్యాహ్నం పిట్ట మైక్రోస్కోపులోకి చూసింది. ఆరోగ్యవంతుల వరసలో ఒకటి, రెండు, మూడు గుంటల్లో కణాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నాలుగో గుంటలో మాత్రం ఒక్కటీ ఊరుకోలేదు. ఆ చివరి నుంచి ఈ చివరికి వల అల్లేశాయి. రోగుల గుంటల్లో కూడా అంత శ్రద్ధగా అల్లలేదు. టీ తాగొచ్చి మళ్లీ చూసేసరికి, ఇందాక ఖాళీగా ఉన్న ఒక చోట కూడా అతుక్కుని ఉన్నాయి.

“మేడమ్, నాలుగోది మళ్లీ లేచింది.”

“పారేయ్. చెడిపోయుంటుంది,” అంది మేడమ్ తలెత్తకుండా.

“ఇదే మాట మీద మూడుసార్లు ఆ గుంటలోది నా చేత్తో పారేశాను. అదే ఫ్రిజ్‌లో ఉన్న మిగతా మూడూ చెడలేదు కదా. మన నలుగురిలో ఎవరి ఒంట్లోనో ఏదో పిలుస్తోంది మేడమ్.”

మేడమ్ కలం ఆగింది. “ఇది రోగం తేల్చే పరీక్ష కాదు. గాయం మానుతున్నా లేస్తాయి.”

“గాయమో ఇంకేదో ఆ మనిషిని అడిగితేనే కదా తెలిసేది? పుస్తకం తీయండి. తర్వాత ఎన్ని తిట్లైనా తిట్టండి.”

మేడమ్ తాళంచెవి వెతుకుతుంటే పిట్ట బీరువా పక్కనే నిలబడింది. నాది కాకూడదు, అక్కది అసలే కాకూడదు అనుకుంది. పక్కగదిలో గాజుసామాను కడుగుతున్న చప్పుడు వినపడుతోంది. అయితే ఆవిడదై ఉండాలని కోరుకుంటున్నానా అని తనమీద తనకే అసహ్యం వేసింది.

మేడమ్ పుస్తకం తెరిచింది. చదవలేదు. పిట్ట వైపు తిప్పింది. నాలుగు అంకె ఎదురుగా అక్క పేరు ఉంది, రక్తమిచ్చిన తేదీ ఉంది. పద్నాలుగు నెలలైంది.

అక్క వెంటనే ఫోనెత్తింది.

“ఏంటే పిట్టా, ఈ వేళప్పుడు? మళ్లీ రక్తం కావాలా ఏంటి? మొహమాటపడకే, ఎంత కావాలంటే అంత తీసుకో. నాకేం తక్కువ.”

“అక్కా, పద. ఆసుపత్రికి వెళ్దాం. నేను వస్తున్నా.” పిట్ట కోటు విప్పి బ్యాగు తీసుకుంది. “నీ రక్తంలో ఏదో తేడా కనపడుతోంది. మొదట్నించీ కనపడుతూనే ఉంది. చెడిపోయిందనుకుని నేనే పారేశాను.”



“ఎన్నిసార్లే?” అంది అక్క.

“మూడు,” అంది పిట్ట.