పదమూడో ఎక్కం దగ్గర ఆగిన పాట

పొద్దున్న తొమ్మిదింటికి మెట్ల కింద కొట్టు షట్టరు మోకాళ్ళ దాకా లేచిందంటే రేడియో అక్క లోపల కూర్చున్నట్టే. పూర్తిగా ఎత్తదు. ఎత్తితే దారిన పోయేవాళ్ళంతా పలకరిస్తారని భయం. రిపేరు కావలసినవాళ్ళు వంగి, "అక్కా, ఇది ఒక పక్క పాడటం లేదు" అని మిషన్ లోపలికి తోస్తారు. ఆమె తల ఊపి తీసుకుంటుంది. బేరం అంతే.

ఆ ఇంట్లో కింద వాటా రేడియో అక్కది, నడిమి వాటాలో టైలరమ్మ అద్దెకుంటుంది, పై వాటా మరిదిది. రిపేరు పని రేడియో అక్క తన తండ్రి దగ్గర నేర్చుకుంది. ఐదో తరగతితో బడి మానేసి ఆయన పక్కన కూర్చుంటే, అక్షరాల కన్నా తీగలే తొందరగా పట్టుబడ్డాయి. తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్ ఎప్పుడూ కాలుతూనే ఉంటుంది కాబట్టి, ఎవరైనా దగ్గరికొస్తే తలెత్తకుండానే "వేడి, వేడి" అంటుంది. భోజనానికి పిలవడానికి మొగుడొచ్చినా ముందు నోట్లోంచి వచ్చేది అదే.

"ఇరవై ఏళ్ళ కాపురంలో నాతో ఎక్కువసార్లు అన్న మాట ఇదేనమ్మా," అని ఆయన టైలరమ్మతో చెప్పి నవ్వుతుంటాడు.

టేప్ రికార్డరు పాడైతే జనం మిషన్ తెస్తారు గానీ లోపల ఇరుక్కున్న క్యాసెట్టు సంగతి మర్చిపోతారు. బాగుచేసి, ఇదిగో మీ క్యాసెట్టు అని చేతిలో పెడితే, "అదా, ఏదో గోల, పారెయ్" అంటారు. రేడియో అక్క ఏదీ పారెయ్యదు. తెగినచోట అతికించి, దూదితో హెడ్డు తుడిచి, వింటుంది. అలా చెప్పుల డబ్బా నిండా పాటలు పోగయ్యాయి. ఏ రేడియోలోనూ రానివి. మెట్ల మీంచి గిన్నెలు దొర్లినట్టు డ్రమ్ములు మోగే పాట. ఒకతను నిద్రలో గొణుగుతున్నట్టు పాడుతుంటే వెనక వయొలిన్ అతన్ని తిట్టిపోసే పాట. ఇద్దరాడపిల్లలు శ్రుతి లేని గిటారు పట్టుకుని ఎవరినో నిలదీసే పాట. పదకొండు నిమిషాలు ఒక్క మాటా లేకుండా వాన పట్టినట్టు పట్టి, వెలిసినట్టు వెలిసే పాట. ఏం భాషో తెలీదు. ఒక అట్ట మీద రాక్ అని రాసుంటే, ఆ జాతి మొత్తానికీ అదే పేరనుకుంది.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి మాత్రం షట్టరు నడుం దాకా లేచేది. వీధిలో ఆడవాళ్ళు ఎనిమిది మంది ఎవరి పీట వాళ్ళు తెచ్చుకుని కూర్చునేవాళ్ళు. వారానికి ఒక్కటే పాట. అయ్యేదాకా ఎవరూ నోరు మెదపకూడదు. అయ్యాక, అది దేనిలా ఉందో తలా ఒక మాట చెప్పాలి.

"మా అత్త అలిగి తలుపేసుకున్నట్టుంది."

"కాదు, అలిగినావిడ తలుపు తీసి, ఎవరూ చూడట్లేదని మళ్ళీ వేసుకున్నట్టుంది."

రేడియో అక్క ఏమీ చెప్పదు. మీట నొక్కుతుంది, అంతే. "ఎక్కడ పట్టావమ్మా దీన్ని?" అని ఎవరైనా మెచ్చుకుంటే చెవులెర్రబడి, బిగిసే ఉన్న స్క్రూని మళ్ళీ బిగించేది. కానీ ఆ గంట కోసమే వారమంతా బతికేది. ఈ ఎనిమిది మంది చెవుల్లోకి ఏ కొత్త పాట వెళ్ళినా తన చేతి మీదుగానే వెళ్ళాలి. ఆ సంగతి ఆమె ఎప్పుడూ పైకి అనలేదు. అనే అవసరం రాలేదు.

అన్నిట్లోకీ ప్రాణం ఒక సగం పాట. గిటారు ఒక్కటే మెల్లగా మొదలై, మెట్టుమెట్టుగా పైకెక్కి, ఇంక తలుపు తెరుచుకుంటుందనగా ఒకామె ఊపిరి పీలుస్తుంది. సరిగ్గా అక్కడ ఎవరో బడిపిల్ల దాని మీద ఎక్కాలు రికార్డు చేసేసింది. "పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ళ ఇరవయ్యారు." పదకొండేళ్ళుగా వచ్చిన ప్రతి క్యాసెట్టులోనూ మిగతా సగం కోసం వెతుకుతూనే ఉంది. బుధవారం ఆడవాళ్ళకి ఆ పాట ఎంత నోటికొచ్చిందంటే, బట్టలు ఆరేస్తూ కూనిరాగం తీసి, చివర ఎక్కం కూడా అప్పజెప్పేవాళ్ళు.

అలా ఉండగా మరిదికి పెళ్ళైంది. కొత్త తోడికోడల్ని అందరూ చిన్నది అనేవాళ్ళు. చిన్నదాని ఎడమ అరచెయ్యి చెవికి ఆనించుకుంటే పాటలు వినబడతాయి. పెళ్ళిచూపుల్లోనే ఆ మాట చెప్పారు. అత్తగారు కాసేపు ఆలోచించి, "కుడిదైతే పనికి అడ్డమొచ్చేది. ఎడమదేగా," అని ఊరుకుంది.

ఎవరూ వినని పాటలే. ఒక్కో చెవికి ఒక్కోటి. ఇనపరేకుల మీద వడగళ్ళు పడ్డట్టు ఒకటి, రైలు బ్రిడ్జి మీద ఎవరో ఒంటరిగా బాకా ఊదినట్టు ఒకటి. పైగా చిన్నదానికి లెక్కా పత్రం లేదు. అడిగితే ఒకటి, అడక్కపోతే రెండు. "ఇదిగో పిన్నీ, ఇంకోటుంది, ఆ చెవి కూడా ఇవ్వు," అనేది.

బుధవారం ఎనిమిది పీటలు అయిదయ్యాయి, తర్వాత మూడు. మోకాళ్ళ నొప్పులని ఆరేళ్ళుగా డాబా మీదికి వెళ్ళని పాలావిడ ఇప్పుడు రెండంతస్తులూ ఎక్కుతోంది. మెట్ల మీద వరస. కొట్టులో కూర్చుంటే నెత్తిన పోతున్న చెప్పుల చప్పుడు లెక్కపెట్టుకోవడమే రేడియో అక్క పని.

"నువ్వూ వెళ్ళి వినొచ్చుగా," అన్నాడు మొగుడు అన్నం తింటూ.

"మీరు విన్నారా?"

"తమ్ముణ్ణి చూసొద్దామని వెళ్ళాను. అలా చెవిన పడింది."

"ఎన్నిసార్లు పడింది?"

ఆయన మజ్జిగ అడిగాడు.

చిన్నదే రెండుమూడుసార్లు కిందికొచ్చి షట్టరు కింద నుంచి తొంగిచూసింది. "అక్కా, అందరూ విన్నారు, నువ్వొక్కదానివే వినలేదు."

"వేడి, వేడి," అంది రేడియో అక్క. "చేతిలో పనుంది."

చివరికి టైలరమ్మ ఒక్కతే మిగిలింది. ఆమె కూడా ఒక మంగళవారం మెడలో కొలతల టేపుతో, చంకలో చొక్కాతో వచ్చి గుమ్మంలో నిలబడింది. ముఖం చూస్తేనే తెలిసింది, పై నుంచి వస్తోందని.

"ఏమీ అనుకోకు. ఒక్కసారికే వెళ్ళాను. నీ ఎక్కాల పాటుంది చూడు, అలాంటిదే వినబడింది దాని చేతిలో. గిటారెక్కింది, ఊపిరి పీల్చింది. ఆ తర్వాత ఎక్కాలు రాలేదమ్మా! పాటే వచ్చింది. ఎక్కం రాకపోయేసరికి నాకే ఏదోలా అయిపోయింది."

"ఎలా ఉంది?" అడిగింది రేడియో అక్క.

"ఎలా చెప్పను? నువ్వే వెళ్ళి విను."

ఆ రోజు ఆమెకి ముద్ద దిగలేదు. పదకొండేళ్ళు. ఎన్ని మిషన్లు విప్పింది, ఎన్ని తీగలు అతికింది! అది మొన్నొచ్చిన పిల్ల, గోళ్ళరంగు వేసుకుంటూ, ఏ కష్టమూ లేకుండా, ఎడం చేత్తో! వెళ్ళి అడిగితే ఇస్తుంది. ఇస్తుందనే మంట. కాదంటే ఎంత బావుండేది.

మర్నాడు బుధవారం. మూడైంది. ఒక్క పీటా రాలేదు. చిన్నది వచ్చింది. షట్టరు కింద నుంచి వంగి లోపలికొచ్చి, స్క్రూల పళ్ళెం కింద పడబోతుంటే కుడిచేత్తో పట్టుకుంది.

"అక్కా, నీ పని నేనేమైనా చెయ్యనా? ఏదైనా పట్టుకోనా?"

రేడియో అక్క చేతిలో ఐరన్ ఉంది. పిడి తన వైపే ఉంది. కొస అవతలి వైపు. ఖాళీగా ఉన్న చిన్నదాని ఎడమ అరచెయ్యి ముందుకొచ్చింది. ఇరవై ఏళ్ళుగా అడక్కుండానే వచ్చే మాట ఆ క్షణంలో రాలేదు. రాలేదో, ఆమె రానివ్వలేదో.

"ఇది పట్టుకో," అంది.

చిన్నది పట్టుకుంది.

అరుపుకి టైలరమ్మ మెట్లు దిగి పరిగెత్తుకొచ్చింది. కొళాయి కింద చెయ్యి పెట్టారు, మందు రాశారు. పొరపాటు, పనిలో జరుగుతుంటాయన్నారందరూ. రేడియో అక్క గోడకి అతుక్కుని నిలబడింది. సాయంత్రానికి చెయ్యి బొబ్బలెక్కింది. పాట ఆగిపోయింది. పాలావిడ చెవి పెట్టి చూసి, "ఏమీ లేదు," అని మెల్లగా మెట్లు దిగింది. మోకాళ్ళ నొప్పులు ఆ రోజే తిరిగొచ్చాయి.

రెండు రోజులు మెట్ల మీద చప్పుడే లేదు. పోయింది, పీడా పోయిందనుకుని చూసింది రేడియో అక్క. ఆ మాట మనసులో నిలబడలేదు. పాటలతో పాటు తన ఎక్కాల పాట మిగతా సగమూ పోయింది, అదీ తన చేతులారా. మూడో రోజు మందు తీసుకుని, మరిది పెళ్ళయ్యాక మొదటిసారి, పైకెక్కింది.

చిన్నది కిటికీ దగ్గర కూర్చుని ఉంది. రేడియో అక్క కట్టు విప్పి మందు రాస్తూ, తల వంచుకునే అంది. "వేడి అని చెప్పలేదు నేను."

"తెలుసక్కా. పొగ కనబడింది."

"కనబడీ ఎందుకు పట్టుకున్నావే?"

"నేనొచ్చి మూడు నెలలైంది. నువ్వు నా చేతికి ఏదైనా ఇవ్వడం అదే మొదటిసారి," అంది చిన్నది. "ఎలా వద్దనను?"

రేడియో అక్క ఆ చేతిని ఎత్తి, కాలిన చోటు తగలకుండా చెవి దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదన్నారు అందరూ. కానీ ఆమె చెవి వేరు. సన్నగా, బియ్యం చెరిగినట్టు, సుయ్యిమని వినబడింది. చచ్చిన మిషన్లో ఆ చప్పుడుండదు. అది ఖాళీ టేపు తిరుగుతున్న చప్పుడు.

"ఇది పోలేదే," అంది లేస్తూ. "చెరిగిపోయింది, అంతే. తిరుగుతూనే ఉంది, మళ్ళీ నింపొచ్చు. ఉండు."

కిందికెళ్ళి టేప్ రికార్డరూ, చెప్పుల డబ్బా తెచ్చింది. స్పీకరు దగ్గర చిన్నదాని చెయ్యి పెట్టి, గిన్నెలు దొర్లే పాట వేసింది. ఆ రోజు నుంచి మందు రాసినప్పుడల్లా రెండేసి పాటలు. చిన్నది ఊరుకునే రకం కాదు. ఇదెక్కడిది, అదెవరిది అని అడిగేది. ఇద్దరే ఉన్నారు గనక రేడియో అక్క చెప్పేది. "ఇది ఒక బస్సు డ్రైవరు మిషన్లో ఉండిపోయింది. విను, డ్రమ్ములు కొట్టేవాడికి తొందరెక్కువ, పాట కన్నా ముందే ఇంటికెళ్ళిపోతాడు." చిన్నది నవ్వేది. జీవితంలో ఆమె అంత మాట్లాడింది లేదు.

పన్నెండు రోజులకి డబ్బా అడుగున ఒక్కటే మిగిలింది. దాన్ని రెండు రోజులు చీర మడతలో దాచింది. తన దగ్గరున్న సగమైనా తనకుండాలి కదా. మూడో రోజు తెచ్చి వేసింది. గిటారెక్కింది, పాటలోని ఆమె ఊపిరి పీల్చింది, పదమూడు ఒకట్ల పదమూడు మొదలైంది. చిన్నది నవ్వలేదు. కట్టున్న చేతిని ఎక్కం అయ్యేదాకా అలాగే ఉంచింది.

బుధవారానికి కట్టు తీసేశారు. లేత చర్మం వచ్చింది. ఎనిమిది పీటలూ కొట్టు ముందుకొచ్చాయి. టైలరమ్మే ముందు చెవి పెట్టింది. పెట్టి కెవ్వుమంది.

"ఓసినీ! ఇందులో రేడియో అక్క మాట్లాడుతోంది! ముందు ఆవిడ చెబుతోంది, తర్వాత పాటొస్తోంది!"

ఒక్కొక్కరూ విన్నారు. డ్రమ్ములవాడి తొందర విని పాలావిడ పడీపడీ నవ్వింది. "ఇన్నేళ్ళూ ఈ నోరు ఎక్కడ దాచావే? ఇక నుంచి ముందు నువ్వు చెప్పు, తర్వాతే పాట," అన్నారు. రేడియో అక్క షట్టరు కిందికి లాగబోయింది. ఈసారి వాళ్ళు లాగనివ్వలేదు. నెత్తి దాకా ఎత్తేశారు. కొట్టులో మూలమూలకీ వెలుగొచ్చింది.

అందరూ అయ్యాక చిన్నది దగ్గరికొచ్చింది. రేడియో అక్క ఆ లేత అరచెయ్యి వంక చూసింది. తన పాటలు, తన మాటలు, అన్నీ దాని చేతిలోనే. లోపల ఇంకా కొంచెం మండింది. మండుతుండగానే అడిగింది.

"ఒకసారి చెయ్యిస్తావా?"

చెవికి ఆనించుకుంది. ముందు తన గొంతే, సిగ్గుపడుతూ. "ఇది సగమేనే, ఏమీ అనుకోకు." గిటారు మొదలైంది. మెట్టు మీద మెట్టు. పాటలోని ఆమె ఊపిరి పీల్చింది. రేడియో అక్క పెదాలు అలవాటు కొద్దీ "పదమూడు ఒకట్ల" అని కదిలాయి.

కదిలి, అక్కడే ఆగిపోయాయి. పాట ఆగలేదు.