గట్టు మీది మూడెకరాలు

పీర్ సాహెబ్ ఆ మూడెకరాలు కొన్నప్పుడు గుండ్లరేవులో నవ్వనివాళ్ళు లేరు. ఊరికి పైన, కృష్ణ ఒడ్డున, మేకలు కూడా మొహం చాటేసే రాతిగట్టు అది. ఉలవలు చల్లితే ఒక ఏడు చల్లినన్ని గింజలు తిరిగొచ్చేవి, మరో ఏడు అవీ వచ్చేవి కావు. ఆయన పోయిన కొన్నేళ్ళకు నది మీద దిగువన డ్యాం కట్టారు. నీళ్ళు వెనక్కి తన్ని ఊరిని ముంచేశాయి. రేగడి చేలు పోయాయి, మిరప కళ్ళాలు పోయాయి, రేవు పోయింది. ఎవరికీ పట్టని ఆ గట్టు మాత్రం మూడు పక్కలా నీళ్ళు, నాలుగో పక్క గురజాల దారి పెట్టుకుని మిగిలింది.

ఆయన పెద్దకోడలు ఖైరున్నీసా. ఊరు ఖాళీ చేసిన రోజు ఆమెకు బాగా గుర్తు. హిందువులు దేవుళ్ళను మేళతాళాలతో ట్రాక్టరెక్కించారు. సాయిబులు మసీదు తలుపులూ మైకూ చాపలూ ఎక్కించారు. ఇళ్ళ దూలాలు, ద్వారబంధాలు, రోళ్ళు, చివరికి బావి మీది గిలక కూడా కొత్త కాలనీకి చేరాయి. గోరీలను ఎవరెక్కిస్తారు? ఊరి పక్కన గోరీల దిబ్బ మీద పీర్ సాహెబ్ ఉన్నాడు. ఆయనకు కాస్త ఎడంగా, ఆరేళ్ళకే విషజ్వరంతో పోయిన ఖైరున్నీసా కూతురు ఫరా ఉంది. ట్రాక్టరెక్కేముందు ఖైరున్నీసా ఆ చిన్న మట్టికుప్ప మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. భర్త షాకిర్ వచ్చి రెక్క పట్టుకుని లేపేదాకా లేవలేదు.

కాలనీకి వచ్చాక షాకిర్ కూడా గుండెపోటుతో పోయాడు. ఆమె మిరపకోతలకూ పత్తితీతలకూ పోయి పొట్ట పోసుకుంది. యాభై దాటేసరికి మోకాళ్ళు మొరాయించాయి. ఇక ఎట్టారా దేవుడా అనుకుంటున్న రోజుల్లో మరిది ఫహీమ్ ఒక కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు.

ఫహీమ్‌కు కారంపూడిలో మెకానిక్ షెడ్డుంది. ఆ కుర్రాడు చరణ్, నరసరావుపేటలో పెళ్ళిళ్ళకూ ఫంక్షన్లకూ టెంట్లూ స్టేజీలూ వేయిస్తుంటాడు. కారు బాగుచేయించుకోవడానికి షెడ్డుకొచ్చి, మాటల్లో గట్టు సంగతి విని, చూడందే పోనన్నాడట. ముగ్గురూ గట్టెక్కారు. చరణ్ ఆ చివర నుంచి ఈ చివర దాకా తిరిగాడు. ఎండకు మొహం కందిపోయినా కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి.

"ఇక్కడ ఆరు టెంట్లు వేద్దాం. అదిగో, ఆ చదునులో వంటశాల. కింద పడవ ఆగే చోటు," అని చేత్తో గాలిలో గీశాడు. "అమ్మా, పేటోళ్ళకీ గుంటూరోళ్ళకీ ఆదివారం వస్తే పిల్లల్ని తీసుకుని పోవడానికి చోటు లేదు. ఈ నీళ్ళు చూపిస్తే వదలరు."

"నీళ్ళు చూడ్డానికి డబ్బులిస్తారా అబ్బాయ్?" అంది ఖైరున్నీసా.

"ఉత్త నీళ్ళకి కాదమ్మా. నీళ్ళ కింద ఊరుందంటే ఇస్తారు."

ఫహీమ్ వదిన వంక ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు. ఆమె నీళ్ళ వైపు తిరిగింది. తర్వాత చెయ్యెత్తి చూపించింది. "ఆ కొంగ వాలింది చూడు, అది మసీదు గోడ కొన. దాని ఎనకాల కోమట్ల బజారు. ఇంకా అవతల మా ఇల్లు."

చరణ్ ఆ మాట వినగానే ఫోను తీసి వీడియో పట్టుకున్నాడు. అతనిలో కుళ్ళేమీ లేదు. సంబరపడ్డాడు, అంతే.

ఒప్పందం కుదిరింది. గట్టు వీళ్ళది, పెట్టుబడి అతనిది, మిగిలింది చెరిసగం. వంటశాల ఖైరున్నీసాదీ ఫహీమ్ భార్య అబిదాదీ. ఫహీమ్ షెడ్డును ఇంకొకరికి అప్పజెప్పి గట్టు మీదికే వచ్చేశాడు. "ఈ వయసులో గ్రీజు కడుక్కోవడం నా వల్ల కాదొదినా. నాయన కొన్న నేల, ఇన్నాళ్ళకి మనకి ముద్ద పెడతానంటంది," అన్నాడు.

ఖైరున్నీసా ఒప్పుకోవడానికి మోకాళ్ళ నొప్పులొక్కటే కారణం కాదు. పడవ వస్తుందని విన్నప్పుడే ఆమె మనసు ఊగింది. నీళ్ళొచ్చాక దిబ్బ మొహం చూడలేదు. ఎండాకాలం నీళ్ళు తీసినా గట్టు నుంచి కిందికి నిట్రంగా జారుడే. ఆ మోకాళ్ళతో దిగడం కుదిరేది కాదు.

కార్తీకంలో పని మొదలైంది. పడవ నడిపేవాడు పున్నారావు, అతనిదీ గుండ్లరేవే. జనం రాకముందే ఒక పొద్దున పడవను సరిచూడాలని తీస్తూ, "కోడలా, ఎక్కుతావా?" అని అడిగాడు.

ఆమె కొంగు తలమీదికి లాక్కుని ఎక్కింది. పున్నారావు పడవను ఊరి మీదుగా పోనిచ్చాడు. దిబ్బ మునిగిన చోటికి వచ్చాక ఇంజను ఆపేశాడు. నీళ్ళు పచ్చగా, ముద్దగా ఉన్నాయి. అడుగు కనిపించదు. ఆమె అరచేతులు పైకి పట్టి పోయినవాళ్ళ కోసం ఫాతిహా చదువుకుంది. చదవడం అయ్యాక చేతులు మొహానికి రాసుకుని, ఒక చేతిని నీళ్ళలో ముంచి అట్టాగే ఉంచింది.

"పోదామా?" అన్నాడు పున్నారావు కొంతసేపటికి.

"పోదాం మావా. కూరలు తరగాల."

ఆ చలికాలం వ్యాపారం బాగానే సాగింది. ఆదివారాలు కార్లు వరసగా ఆగేవి. ఖైరున్నీసా పెట్టే చేపల పులుసుకు పేరొచ్చింది. పున్నారావు పడవలో జనాన్ని తిప్పుతూ ఏది ఎవరిల్లో చెప్పేవాడు. పిల్లలు అడిగితే చిన్నప్పుడు బడెగ్గొట్టి ఈదిన సంగతులు కూడా చెప్పేవాడు. ఫహీమ్ మొహంలో ఎన్నడూ లేని నిమ్మళం కనిపించేది. అబిదా కొత్త గాజులు వేసుకుంది.

ఎండలు ముదిరాయి. నీళ్ళు వెనక్కి తీయడం మొదలైంది. ముందు మసీదు గోడ నడుం దాకా లేచింది, తర్వాత మొండిగోడలు, బజారు అరుగులు, పాచిపట్టిన మెట్లు. పడవ తిరగడానికి నీళ్ళు చాలక రాబడి పడిపోయింది. అప్పుడు చరణ్ ఇంకో ఆలోచన చేశాడు. జనం ఊళ్ళోకే నడిచి వెళ్ళి చూడొచ్చు, పెళ్ళికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలయితే ఎగబడతారు. కావలసిందల్లా గట్టు నుంచి కిందికి ఒక దారి. ఆ నేల సర్కారుదే అయినా, వేసవిలో అక్కడ దోసపాదులు పెట్టుకునేవాళ్ళనే ఎవరూ ఏమనరు, మట్టిబాట వేస్తే ఏమంటారు అన్నాడు.

ఆ మర్నాడు ఖైరున్నీసా మసాలా నూరుతుంటే జేసీబీ చప్పుడు వినిపించింది. మొదట పట్టించుకోలేదు. చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో తెలిశాక పొత్రం వదిలేసి బయటికొచ్చింది. గట్టుకు తూర్పున, వాలు తక్కువగా ఉన్నచోట, జేసీబీ ఒండ్రు మట్టిని చెక్కుతూ దిగుతోంది. దాని ముందు చదునైన దిబ్బ. చూసేవాళ్ళకు అక్కడ ఏమీ లేదు. ఏళ్ళ తరబడి పేరుకున్న మెత్తటి ఒండ్రు, ఎండకు పగిలి ఉంది.

ఆమె ఆ జారుడులో ఎట్టా దిగిందో ఆమెకే తెలియదు. రెండుసార్లు కూలబడింది. అరచేతులు గీరుకుపోయాయి. పోయి జేసీబీకి ఎదురుగా నిలబడింది. డ్రైవరు హడలిపోయి ఆపేశాడు.

ఫహీమ్ పరుగెత్తుకొచ్చాడు. "వదినా, ఏంది ఇది? అవతలికి రా."

"ఇది ఏ చోటో నీకు తెలవదా ఫహీమూ?"

అతను తల దించుకున్నాడు. "తెలుసు."

"తెలిసే తోలిస్తన్నావా?"

"ఇంకోవైపు అంతా బండ. అటు దారి తీయాలంటే చరణ్ వల్ల కాదు, మన వల్ల అసలే కాదు. పైపైన చదును చేస్తన్నారు, అంతే. లోపలికేం పోదు." అతని గొంతు లేచింది. "నాకు మాత్రం బాధ లేదనుకుంటన్నావా? మా నాయన కూడా ఇక్కడే ఉండాడు. కానీ నేను షెడ్డు వదులుకుని వచ్చా. నా పిల్లల చదువులుండయ్. పోయినోళ్ళ కోసం బతికినోళ్ళు మాడి చావాల్నా?"

"బతకొద్దని నేనన్లా," అంది ఖైరున్నీసా. "ఇన్నాళ్ళూ పడవ తిరిగింది, నేనేమన్నా అన్నానా? నేనే వండి పెట్టా. కానీ దీని మీద చెప్పులేసుకుని నడిచి, ఫొటోలు దిగి, పైకొచ్చి నా చేత్తో అన్నం తింటే, ఆ అన్నం నేను వడ్డించలేను అబ్బాయ్. నా వల్ల కాదు."

చరణ్ కూడా దిగివచ్చాడు. ఏం జరుగుతోందో అతనికి అర్థం కాలేదు. ఫహీమ్ చెప్పలేక చెప్పాడు. చరణ్ కాళ్ళ కిందికి చూసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాకెవరూ చెప్పలేదమ్మా," అన్నాడు. "ఒట్టు, తెలిస్తే తెచ్చేవాణ్ణి కాదు." జేసీబీని వెనక్కి పంపేశాడు.

కానీ దారి లేకపోతే వేసవి లేదు, వేసవి లేకపోతే పెట్టిన పెట్టుబడి కిట్టదు. చరణ్ మరికొన్నాళ్ళు చూసి, ఒక పొద్దున లారీ తెచ్చి టెంట్లు విప్పించుకున్నాడు. వెళ్ళేటప్పుడు ఖైరున్నీసాకు దండం పెట్టాడు. గట్టు మీద రేకుల వంటశాల ఒక్కటే మిగిలింది. ఫహీమ్ ఆమెతో ఒక్క మాట మాట్లాడకుండా కారంపూడి వెళ్ళిపోయాడు. ఒకప్పటి తన షెడ్డులోనే ఇప్పుడు ఇంకొకరి కింద పనికి చేరాడు. అబిదా మాత్రం గట్టు మీదే ఉండిపోయింది. "ఆయన కోపం ఆయనది. పులుసు ఆగితే మనకి గడవదక్కా," అంది. దారిన పోయే లారీ డ్రైవర్లకు ఇద్దరూ భోజనాలు పెట్టసాగారు.

పనిలేని మధ్యాహ్నాలు ఖైరున్నీసా దిబ్బ మీదికి వెళ్ళేది. జేసీబీ చెక్కినంత మేర దిగడానికి వీలుగా ఉంది, ఆ మేలు దానివల్లే జరిగింది. ఫరా గోరీ కోసం వెతికింది. అప్పట్లో పక్కన ఒక రేగుచెట్టుండేది. ఇప్పుడు చెట్టూ లేదు, మొద్దూ లేదు. చేత్తో ఒండ్రు తోడింది. ఒకచోట పెద్దవాళ్ళ గోరీ రాళ్ళు తగిలాయి. ఇంకోచోట ఏమీ లేదు. చిన్నపిల్ల గోరీకి ఎవరు రాళ్ళు పెట్టారు, పెట్టింది మట్టే కదా. మట్టిలో మట్టి కలిసిపోయింది. తల్లిగా ఆ చోటు కళ్ళు మూసుకుని చెప్పగలననుకుంది ఇన్నాళ్ళూ. చెప్పలేకపోయింది. ఆ మధ్యాహ్నం ఆమె ఊరు వదిలిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చింది.

దిబ్బ తేలిందన్న కబురు పున్నారావు నోట కాలనీకి పాకింది. ఒక శుక్రవారం నమాజయ్యాక సాయిబులు పారలతో వచ్చి గోరీ రాళ్ళ చుట్టూ ఒండ్రు తోడారు. వాళ్ళ వెంట గుండ్లరేవు రైతులు కూడా కొందరొచ్చి తమ ఇళ్ళ గోడలు చూసుకున్నారు. ఒకావిడ తన వంటింటి గూట్లో చెయ్యి పెట్టి తడిమి చూసింది. ఖైరున్నీసా అందరికీ వండింది. తిన్నాక డబ్బులివ్వబోతే ఆమె చేతులు అడ్డంపెట్టింది. వెనకనుంచి అబిదా వచ్చి, "ఇవ్వండన్నా, నూనె ఊరికే రాదు," అని తీసుకుంది.

అందరూ వెళ్ళిపోతున్నప్పుడు ఫహీమ్ వచ్చాడు. ఎవరు కబురు పెట్టారో తెలియదు. ఎవరినీ పలకరించకుండా నేరుగా దిబ్బ మీదికి వెళ్ళాడు. చాలాసేపు అటూ ఇటూ తిరిగాడు. ఒక రాయి దగ్గర ఆగేవాడు, తల ఊపేవాడు, ఇంకోదాని దగ్గరికి పోయేవాడు. పొద్దు వాలింది. ఖైరున్నీసా మంచినీళ్ళ చెంబుతో దిగి వెళ్ళింది.

"నాయనది ఏదో తెలియడం లా వదినా," అన్నాడు ఫహీమ్. "నేనే మట్టి పోశా. నా చేతుల్తో పోశా. ఇప్పుడు యాడో తెలియడం లా."

"నాకూ దొరకలా," అందామె.

అతను నీళ్ళు తాగలేదు. చెంబు చేతిలో పట్టుకుని ఉన్నచోటే కూలబడ్డాడు. పెద్దమనిషి, నెరిసిన గడ్డం, భుజాలు కదిలేటట్టు ఏడ్చాడు. ఆమె పక్కనే కూర్చుంది.

"యాడ కూర్చున్నా దగ్గరే అబ్బాయ్," అంది చివరికి. "వెతకడం మానేసినాక నాకట్టా అనిపిస్తంది."

ఆ రాత్రి అతను కారంపూడి వెళ్ళిపోయాడు. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వచ్చి, వంటశాల చుట్టూ నడిచి, రేకులు చేత్తో తట్టి చూశాడు. "అటు సిమెంటు ఫ్యాక్టరీ పనుల కోసం వచ్చినోళ్ళు బసలు దొరక్క గురజాల దాకా పోతన్నారొదినా. రోడ్డువైపు రెండు గదులేస్తే నెల బాడుగకు ఉంటారు. చేపల భోజనం ఎటూ ఉంది. పెద్దగా రాదు. ఇల్లు గడుస్తది."

"కిందికి?"

"కిందికి దారి వద్దు. మనోళ్ళు పోవడానికి ఆ చెక్కిన కాలిబాట చాలు."

అబిదా పొయ్యి దగ్గరనుంచే, "గదులకి ముందు బాత్రూములు కట్టండి, తర్వాత గోడల సంగతి చూడొచ్చు," అంది. చానాళ్ళ తర్వాత ఫహీమ్ నవ్వాడు.

శ్రావణంలో ఎగువన వానలు పడ్డాయి. ఒక గది గోడలు లేచాయి, ఇంకోదానికి పునాది పడింది. రోజూ కొంచెం కొంచెంగా నీళ్ళు ఎక్కుతున్నాయి. ముందు బజారు మునిగింది, ఆ తర్వాత మసీదు అరుగు. ఒక మధ్యాహ్నం ఖైరున్నీసా విస్తళ్ళు వేస్తుంటే అబిదా బయటినుంచి పిలిచింది. "అక్కా, దిబ్బ మీదికొచ్చినయ్."

ఖైరున్నీసా గట్టు అంచుకు వెళ్ళింది. నీళ్ళు చప్పుడు లేకుండా ఒండ్రు పగుళ్ళలోకి పాకుతున్నాయి. తాపీ కింద పెట్టి ఫహీమ్ కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ చేతులెత్తి ఫాతిహా చదువుకున్నారు.

"అమ్మా, అన్నం!" అని లోపల ఒక లారీ డ్రైవరు కేకేశాడు.

"వస్తన్నా నాయనా," అని ఆమె కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది. దిబ్బ పూర్తిగా మునిగేదాకా ఫహీమ్ అక్కడే నిలబడి చూశాడు.