పెద్దల సభలో ఎజ్రా మాస్టారి కుర్చీ

ఎజ్రా మాస్టారికి రెండు పుస్తకాలంటే ప్రాణం. ఒకటి బైబిలు, రెండోది సాలూరు కొత్తవీధి బాప్తిస్టు సంఘం నియమావళి. మొదటిదాన్ని సవరించమని ఎవరూ అడగరు కాబట్టి దాని గురించి ఆయనకు దిగులు లేదు. రెండోదాని మీదికి మాత్రం 2016 జూలైలో ఒక కాగితం వచ్చి పడింది.

ఆ నియమావళి రాసిన పెద్దమనిషి ఎవరో గానీ, దేశానికి రాజ్యాంగం వచ్చిన కొత్తలో ఆ వేడి మీద రాసేశాడు. అందుకే నూట ఎనభై ఆరు మంది సభ్యులున్న చర్చికి రెండు సభలు. సభ్యులంతా కలిసి ఎన్నుకునేది కమిటీ, పదిహేను మంది. ఆ పదిహేను మంది కూర్చుని ఎన్నుకునేది పెద్దల సభ, ఆరుగురు. పదవి ఆరేళ్ళు, రెండేళ్ళకోసారి ఇద్దరు దిగిపోతారు, సభ మాత్రం ఎప్పటికీ రద్దు కాదు. హైస్కూల్లో ముప్పై మూడేళ్ళు సాంఘికశాస్త్రం చెప్పిన మాస్టారికి రాజ్యసభ పాఠం వచ్చినప్పుడల్లా చర్చి గుర్తొచ్చేది, చర్చిలో కూర్చుంటే పాఠం గుర్తొచ్చేది. 1992 నుంచి ఆయన ఆ ఆరుగురిలో ఒకరు. కార్యదర్శి కూడా ఆయనే. నాలుగుసార్లు ఎన్నికయ్యారు, నాలుగుసార్లూ పదిహేనులో తొమ్మిది ఓట్లే.

కమిటీ ఏ తీర్మానం చేసినా పెద్దల సభ ఒప్పుకుంటేనే చెల్లుతుంది. చిక్కు అక్కడే వచ్చింది. చర్చి వెనక ఆడవాళ్ళకు ఒక మరుగుదొడ్డి కట్టాలని కమిటీ మూడుసార్లు తీర్మానించింది. పెద్దలు మొదటిసారి స్థలం ఎక్కడో రాయలేదని వెనక్కి పంపారు. రెండోసారి ప్లాను జతచేయలేదన్నారు. మూడోసారి పరిశీలనలో ఉందన్నారు, ఆ పరిశీలనకు రెండేళ్ళు నిండాయి. ఆరుగురూ మగవాళ్ళే, ఆరుగురి ఇళ్ళూ చర్చికి కూతవేటు దూరంలోనే. తొందర ఎవరికుంటుంది? రెండున్నర గంటల ఆరాధనలో ఆడవాళ్ళకు అవసరం పడితే పక్కనే ఉన్న మాస్టారి పెరట్లోకి వరస కట్టేవారు. మాస్టారి భార్య దానమ్మ తాళంచెవి కొంగున కట్టుకుని గుమ్మంలో నిలబడేది. మాస్టారికి అది ఎప్పుడూ ఒక సమస్యగా కనబడలేదు.

కాగితం తెచ్చింది ఎలీసమ్మ. లారీ స్టాండు దగ్గర టిఫిను హోటలు నడుపుతుంది, స్త్రీల సమాజానికి నాయకురాలు, ఒకప్పుడు మాస్టారి దగ్గర ఎనిమిదో తరగతి చదివింది. "పెద్దల సభ సభ్యులను ఇకమీదట సంఘ సభ్యులందరూ రహస్య ఓటు ద్వారా నేరుగా ఎన్నుకొనవలెను" అని రాసి ఉంది అందులో. కింద ముప్పై సంతకాలు. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని తప్పుల కోసం వెతికారు. ఒక్కటీ దొరకలేదు. ఒళ్ళు మండింది.

"ఏటమ్మా ఇది? రాజ్యసభకి మనం ఓటేస్తామా? ఎమ్మెల్యేలు వేస్తారు. ఆ ఎమ్మెల్యేలకి మనం వేస్తాం. ఇక్కడా అంతే. జనం ఆవేశం తగలకుండా ఒక సభ ఉండాలి."

"మరుగుదొడ్డి అడగడంలో ఆవేశం ఏటున్నాది మాస్టారూ?" అంది ఎలీసమ్మ. "మా కూతురు బేబీ ఫోన్లో సూసి సెప్పింది. అమెరికాలో కూడా ముందు ఇలాగే ఉండేదంట, పైసభని శాసనసభలోళ్ళే ఎన్నుకునేవోరంట. వందేళ్ళ కిందట రాజ్యాంగం సవరించి జనానికి ఇచ్చేసినారంట."

మాస్టారు ఈ దెబ్బకు సిద్ధంగా లేరు. కానీ ముప్పై మూడేళ్ళ అనుభవం ఊరికే పోదు. "మన సంఘానికి అమెరికాతో ఏం పని? మన మిషనరీ దొరలు వచ్చింది కెనడా నుంచి. అక్కడ సెనేట్‌కి ఎన్నికే లేదు. నియమిస్తారు. డెబ్బై అయిదేళ్ళు వచ్చేదాకా కదిలించరు."

"అయితే మీకింకా పదకొండేళ్ళు ఉన్నాది," అంది ఎలీసమ్మ లెక్కవేసి, కాగితం బల్ల మీద పెట్టి, దానమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోయింది.

అమ్మాయి మారలేదు, అనుకున్నారు మాస్టారు. ఎనిమిదో తరగతిలో కూడా ఇంతే. రాజ్యసభ వాళ్ళను మనమెందుకు ఎన్నుకోకూడదు సార్ అని అడిగింది. ఎన్నుకుంటున్నాం, పరోక్షంగా, అన్నారు ఈయన. పరోక్షంగా అంటే మనం కాదు కదా సార్, అంది. క్లాసంతా నవ్వింది. ఆయన ఆ పిల్లను బెల్లు కొట్టేదాకా బెంచీ ఎక్కించారు.

ఆయన పైకి చెప్పేది నియమావళి పవిత్రత గురించి. లోపలి సంగతి వేరు. ఈ ఏడు అక్టోబరులో దిగిపోయే ఇద్దరిలో ఆయనొకరు. కమిటీలో తొమ్మిది ఓట్లు ఎవరివో ఆయనకు తెలుసు. జనమంతా వేస్తే? ఒక మధ్యాహ్నం సభ్యుల జాబితా ముందేసుకుని పెన్సిలు పట్టుకున్నారు. లారీ డ్రైవర్లు సగం మంది ఆయన చేతి బెత్తం తిన్నవాళ్ళు. కీర్తనలో శ్రుతి తప్పారని గాయకబృందాన్ని ఈస్టరు నాడు అందరి ముందూ తిట్టారు. పెళ్ళి విందుల్లో ఆయన పక్కన కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. నూట ఎనభై ఆరు పేర్లూ చూశాక ఆయన ధైర్యంగా టిక్కు పెట్టగలిగినవి రెండు. ఎజ్రా, దానమ్మ. ఆయనకు భయం వేసింది. కుర్చీ పోతుందని కొంత, తనను ఎందరు వద్దనుకున్నారో ఊరందరికీ అంకెల్లో తెలుస్తుందని ఎక్కువ.

అయితే నియమావళే ఆయన్ని కాపాడేలా ఉంది. సవరణ నెగ్గాలంటే హాజరైన వారిలో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలి. అది చాలదు, మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, అంటే తొంభై నాలుగు మంది ఒప్పుకోవాలి. సాలూరులో ఏ ఆదివారం చూసినా మగవాళ్ళు సగం మంది రాయపూర్ దారిలోనో జగదల్‌పూర్ దారిలోనో లారీల మీద ఉంటారు. ఆడవాళ్ళంతా లేచినా ఎనభై దాటరు, ఊళ్ళో మిగిలే ముసలివాళ్ళు మార్పంటే లేవరు. మాస్టారు లారీలకు సరుకు లోడింగు బాగా ఉండే ఆగస్టు మూడో ఆదివారానికి సర్వసభ్య సమావేశం వేయించారు.

ఆ గురువారం వాన మొదలైంది. శుక్రవారం ఘాట్‌రోడ్డు మీద కొండచరియ జారింది. శనివారానికి లారీలన్నీ వెనక్కి తిరిగి స్టాండులో బారులు తీరాయి. ఆదివారం ఉదయం మాస్టారు చర్చిలో అడుగుపెట్టేసరికి మగవాళ్ళ వైపు బెంచీలు నిండి ఉన్నాయి. ఒక్కొక్కడూ తల దువ్వుకుని, తెల్లచొక్కా వేసుకుని, పక్కన తల్లో పెళ్ళామో కాపలా ఉన్నట్టు బుద్ధిగా కూర్చున్నాడు. దేవుడు కూడా ఆ స్త్రీల సమాజంలో చేరిపోయాడా అనిపించింది ఆయనకు.

ఆరాధన అయ్యాక సమావేశం. అధ్యక్షుడు సీమోను పాస్టరు. మంచి మనిషి, ఎవరినీ నొప్పించడు, అధ్యక్షుడికి ఓటు లేదని తెలిసినప్పటి నుంచి మరీ హాయిగా ఉన్నాడు. హాజరు నూట ముప్పై రెండు. ఎలీసమ్మ రెండు మాటలు చెప్పి కూర్చుంది. మాస్టారు నలభై నిమిషాలు మాట్లాడారు.

"ఇంక ఓటింగు," అన్నాడు పాస్టరు. "సవరణ కావాలన్నవాళ్ళు లెగండి. వద్దన్నవాళ్ళు కూకోండి. లేసినోళ్ళని నేను లెక్కపెడతాను."

ఎవరు ముందు లేవాలో తెలియక జనం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. మాస్టారిలో పంతులు ఆ సందు చూసి ఊరుకోలేకపోయాడు. "ఒక్క నిమిషం. దేనికి ఓటేస్తున్నారో తెలియకుండా వేయకూడదు. మరోసారి చదువుతాను," అని వేదిక మీది బల్ల దగ్గరికి నడిచారు. నియమావళి పుస్తకానికి బైబిలుకున్నట్టే నల్ల అట్ట. దాన్ని తెరిచి, గొంతు సవరించుకుని, "పన్నెండవ అధ్యాయము, మూడవ వచనము..." అని, నాలుక కరుచుకుని, "మూడవ నిబంధన," అన్నారు.

అప్పటికే బెంచీలు కిర్రుమన్నాయి. చర్చంతా లేచి నిలబడింది.

ఆ బల్ల దగ్గర నల్లట్ట పుస్తకం చదువుతుంటే కూర్చోకూడదన్నది దొరల కాలం నాటి అలవాటు. సండేస్కూల్లో మూడు తరాల పిల్లలకు ఆ అలవాటు నేర్పింది ఎజ్రా మాస్టారే. ముందు బెంచీలో ఉన్న తోటి పెద్దలు అయిదుగురూ లేచారు. చేతికర్ర పట్టుకుని ముసలి చినబాబు లేచాడు. దానమ్మ లేచింది. కొందరు కళ్ళు కూడా మూసుకున్నారు.

సీమోను పాస్టరు వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. "నూట ముప్పై ఒకటి," అన్నాడు సంతోషంగా. "కాదన్నోళ్ళు ఒక్కలూ లేరు. సవరణ నెగ్గింది. దేవునికి స్తోత్రం."

మాస్టారు పుస్తకం మూశారు. ఇది చెల్లదు అనాలి. అంటే, ఓడిపోతున్నాడు కాబట్టి పేచీ పెడుతున్నాడంటారు. ఆయన నోరు తెరిచేలోపు ఆడవాళ్ళ వైపు నుంచి గొంతు వినబడింది.

"ఆగండి పాస్టరుగారూ," అంది ఎలీసమ్మ. "ఈ లెక్క నానొప్పుకోను. ఈళ్ళు ఓటుకి లెగలేదు. మాస్టారు సదూతుంటే వాక్యం అనుకుని లేసినారు. సూడండి, మా అత్త కూడా లేసింది. నాను ఏటి అడిగినా వద్దనే మనిషి."

"అవును, వద్దు," అంది వాళ్ళత్త నిలబడే.

చర్చిలో నవ్వులు వినబడ్డాయి. మాస్టారు నవ్వలేదు. గెలిచిన ఓటును ఈ పిల్ల చేతులారా వదిలేసింది. ఇన్నేళ్ళలో ఆయన క్లాసులో ఎంతమందికి ఫస్టుమార్కు ఇచ్చారో, ఈ ఒక్కర్తిని బెంచీ ఎందుకెక్కించారో అంతా ఒక్కసారి గుర్తొచ్చింది. ఆయనకు సిగ్గేసింది.

అందరినీ కూర్చోబెట్టి పాస్టరు మళ్ళీ అడిగాడు. ఈసారి ఆలోచించుకుని లేచారు. ఆడవాళ్ళు డెబ్బై ఎనిమిది మంది. మగవాళ్ళు పదిహేను మంది, అందులో లారీ బాడీలు కట్టే రాబర్టు అందరికన్నా ముందు. పాస్టరు రెండుసార్లు లెక్కపెట్టాడు.

"తొంభై మూడు," అన్నాడు. "తొంభై నాలుగు కావాలి."

ఎలీసమ్మ తల వంచుకుంది. పాస్టరు పక్కకు తిరిగి చూసి ఆగిపోయాడు.

"మాస్టారూ, మీరు నిలబడే ఉన్నారు కదా. మిమ్మల్ని ఏటి సెయ్యమంటారు? కూకుంటే వద్దన్నట్టు. నిలబడితే కావాలన్నట్టు. మీకూ ఓటున్నాది."

మాస్టారు అప్పుడు గమనించారు, ప్రసంగం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ తాను కూర్చోనే లేదని. మోకాళ్ళు లాగేస్తున్నాయి. బల్ల వెనక కార్యదర్శి కుర్చీ మూరెడు దూరంలో ఉంది, దానమ్మ కుట్టిన దిండు కూడా ఉంది దాని మీద. ఇరవై నాలుగేళ్ళుగా కూర్చున్న కుర్చీ. కొంచెం వెనక్కి వాలితే చాలు, ఎవరూ తప్పు పట్టరు. ఆయనకు నిజంగానే కూర్చోవాలనిపించింది.

బల్ల అంచు రెండు చేతులా పట్టుకున్నారు. "తొంభై నాలుగు అని రాసుకోండి," అన్నారు.

"రాయాల్సింది మీరే కదా మాస్టారూ, మీరేగా కార్యదర్శి," అన్నాడు పాస్టరు.

మాస్టారు నిలబడే రాశారు.

అక్టోబరులో ఎన్నిక జరిగింది. రెండు సీట్లు, ముగ్గురు అభ్యర్థులు, మనిషికి రెండు ఓట్లు. చీటీలు మడిచి డబ్బాలో వేశారు. సాయంత్రం పాస్టరు ఫలితం చదివాడు. ఎలీసమ్మకు నూట ముప్పై ఎనిమిది. రాబర్టుకు డెబ్బై నాలుగు. ఎజ్రా మాస్టారికి యాభై ఎనిమిది. ఎలీసమ్మ వచ్చి నమస్కారం పెట్టి, కార్యదర్శి పుస్తకం ఎలా రాయాలో నేర్పమని అడిగింది. రేపు రమ్మన్నారు.

ఇంటికొచ్చి వసారాలో కూర్చున్నారు. దానమ్మ చేపలు కడుగుతోంది. ఓడినందుకు ముఖం వేలాడేసుకుంటారేమోనని అటే ఓ కన్నేసి ఉంచింది. ఆయన జేబులోంచి పెన్సిలూ, చిన్న కాగితమూ తీశారు.

"యాభై ఎనిమిది," అన్నారు. "మనింటి రెండూ తీసేస్తే యాభై ఆరు."

"ఒకటే తియ్యండి," అంది దానమ్మ.

"అదేం?"

"నాను ఎలీసమ్మకీ రాబర్టుకీ ఏసినాను. పదేళ్ళ నుంచీ ఆ పెరటి తలుపు కాడ నిలబడి ఒక్క ప్రసంగం పూర్తిగా విన్నానా? ఆ దొడ్డేదో కడితే నానూ కూకుని వాక్యం వింటాను. మీకు కోపం వస్తే రానీయండి."

మాస్టారికి కోపం రావాల్సిందే. అది బయల్దేరింది కూడా, కానీ దారిలో ఒక లెక్క అడ్డం వచ్చింది. పెన్సిలుతో యాభై ఆరు కొట్టేసి పక్కన మరో అంకె వేశారు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. అంకె మారలేదు.

"అయితే యాభై ఏడు మంది, దానమ్మా," అన్నారు. "అందరూ బయటివాళ్ళే."