పేర్ల మీద కాగితం

శ్రీలలిత కంప్యూటరు తెరకి ఎడమవైపున, పైనుంచి కింది దాకా, ఒక ఖాకీ కాగితం ముక్క అతికించి ఉండేది. పిల్లల నోటుపుస్తకాలకి అట్టలేసే కాగితమే. ఏ వార్త ఎవరు పెట్టారో ఆ పేర్లు తెర మీద సరిగ్గా అక్కడ కనిపిస్తాయి. ఆ పేర్లు చూడకూడదని తనకి తాను పెట్టుకున్న కట్టుబాటు అది. ఆఫీసు ఊడ్చే అమలమ్మ ఒకసారి దాన్ని చెత్త అనుకుని పీకేస్తే, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఆ రోజు గట్టిగా కేకలేసింది.

2008లో మాట ఇది. గవర్నర్‌పేటలో ఒక కళ్ళజోళ్ళ కొట్టు పైన రెండు గదులు అద్దెకి తీసుకుని అనంతకృష్ణ అనే కుర్రాడు 'ఊరివార్త' అని ఒక వెబ్‌సైటు నడిపేవాడు. అందులో ఎవరైనా సరే, ఏ పత్రికలో వచ్చిన వార్తకైనా లింకు తెచ్చి పెట్టచ్చు. చదివినవాళ్ళు 'బాగుంది' అని నొక్కితే అది పైకి పోతుంది. 'అభ్యంతరం' అని పదిమంది నొక్కితే ఆ వార్త శ్రీలలిత ముందుకొస్తుంది. ఉంచాలో తీసేయాలో ఆవిడ ఇష్టం. ఇష్టం అంటే నిజంగా ఇష్టం కాదు, ఏడు రూల్సు ఉండేవి. ఏడూ ఆవిడే రాసింది, ఏడూ ఆవిడకి కంఠతా వచ్చు.

ఏ పని చేసినా తిట్లే. ఒక పార్టీ వార్త తీసేస్తే అవతలి పార్టీ మనిషన్నారు. ఒక సినిమా హీరో మీద వార్త ఉంచితే ఇంకో హీరో అభిమానన్నారు. కులం ఏదో కనిపెట్టాలని, ఈ అడ్మిన్ ఎవరో, ఇంటిపేరేంటో ఆరా తీసినవాళ్ళు కూడా ఉన్నారు. "రెండువైపులా సమానంగా తిడుతున్నారంటే మనం సరిగ్గా ఉన్నట్టేనండీ మేడమ్," అని అనంతకృష్ణ నవ్వేవాడు. ఆవిడకి నవ్వు వచ్చేది కాదు. న్యాయం అనేది ఆవిడకి నాన్నగారి నుంచి వచ్చిన ఆస్తి. నవ్వులాట కాదు.

ఆ నాన్నగారు, సాంబశివరావు మాస్టారు, బతికి ఉన్నన్నాళ్ళూ ప్రతి వేసవిలో పదో తరగతి పేపర్లు దిద్దడానికి వెళ్ళేవారు. పేపరు మీద పేరుండే ముక్క చింపేసి, నంబరు వేసి ఇస్తారు కదా, దాని గురించి ఇంట్లో గొప్పగా చెప్పేవారు. "మొహం తెలిస్తే చెయ్యి వణుకుతుందే అమ్మాయ్. తెలియకపోతేనే మార్కు సరిగ్గా పడుతుంది," అనేవారు. ఒక ఏడాది తన బళ్ళో కుర్రాడి దస్తూరీ గుర్తుపట్టారట. తెలిసినవాడికి వేశానన్న మాట రాకూడదని ఆ పేపరు మిగతావాటికన్నా గట్టిగా దిద్దారట. రెండు మార్కుల్లో తప్పాడు. ఆ కుర్రాడు తర్వాత ఏమయ్యాడో ఆయన చెప్పలేదు, శ్రీలలితా అడగలేదు. ఆ కథలో ఆవిడ చెవికెక్కింది నాన్నగారి నిజాయితీ ఒక్కటే.

ఆగస్టులో ఒక రోజు 'ఊరివార్త' నెత్తి మీదకి ఒక వార్త ఎక్కింది. 'వెండి జరీ మాయం చేసిన దర్జీ'. పంజా సెంటర్ దగ్గర బడే మియా అనే దర్జీ ఉండేవాడు. కూచిపూడి ఆడే పిల్లలకి బట్టలు కుట్టడంలో బెజవాడలో ఆయన తర్వాతే ఎవరైనా. ముందువైపు విసనకర్రలా విచ్చుకునే కుచ్చిళ్ళు ఆయన చేత్తో మడత పెడితే పిల్ల మోకాళ్ళు ముడిచి మండీ వేసి లేచినా ఒక్క మడత చెదిరేది కాదు. సత్యనారాయణపురంలో నాట్యం నేర్పే జ్ఞానప్రసూనాంబ గారు తమ తల్లిగారి నాటి దుస్తులు ఒక శిష్యురాలి కోసం వదులు చేయమని ఆయనకిచ్చారు. తిరిగొచ్చాక అంచు మసకగా కనబడింది. కంసాలి గీసి చూసి ఇందులో వెండే లేదన్నాడు. ఆవిడ కోపంలో ఒక విలేకరి ముందు నోరు జారారు. మర్నాడు పేపర్లో పేరూ, కొట్టు అడ్రసూ, ఫోటోతో సహా పడింది.

సాయంత్రానికి నాలుగొందల మంది 'బాగుంది' నొక్కారు. ఒక ముసలాయన పరువు పోతే బాగుండటమేమిటో ఆ నొక్కినవాళ్ళకే తెలియాలి. కింద వ్యాఖ్యలు సరేసరి, ఆయన్ని వదిలేసి ఆయన మతాన్ని పట్టుకున్నారు. అవన్నీ శ్రీలలిత ఒక్కొక్కటే తీసేసింది. ఈలోగా వార్త మీదే పన్నెండు అభ్యంతరాలు వచ్చి పడ్డాయి. 'పోలీసు కేసు కూడా లేదు, ఇదేం వార్త?' అని ఎవరో రాశారు.

ఆవిడకి బడే మియా తెలుసు. తొమ్మిదేళ్ళప్పుడు తన మొదటి ప్రదర్శనకి బట్టలు కుట్టింది ఆయనే. మెడలో టేపు, నోట్లో రెండు గుండుసూదులు, "సీదా నిలబడు బేటీ" అనే గొంతు గుర్తొచ్చాయి. చెయ్యి 'తీసేయి' బొత్తాం మీదకి పోయింది. పోయినందుకే ఆవిడకి భయం వేసింది. తెలిసిన మనిషి కాబట్టే కదా నా చెయ్యి అటు పోయింది అనుకుంది. రెండో రూలు ప్రకారం పత్రికలో వచ్చింది, లింకు పనిచేస్తోంది. ఉంచేసింది.

సెప్టెంబరులో జ్ఞానప్రసూనాంబ గారు మైలవరంలో చెల్లెలింటికి వెళ్ళారు. అక్కడ పాత పెట్టె తెరిస్తే, తెల్లటి పంచెలో చుట్టి, అసలు వెండి జరీ దుస్తులు బయటపడ్డాయి. వాళ్ళమ్మ గారు వాటికి నకలు ఒకటి రోజువారీ సాధన కోసం కుట్టించుకున్నారట. బడే మియాకి ఇచ్చింది ఆ నకలు. ఆవిడ పేపరు వాళ్ళకి ఫోన్ చేసి, తప్పు నాదేనని చెప్పుకున్నారు. కొట్టుకి వెళ్ళి చెప్పడానికి మాత్రం మొహం చెల్లలేదు. పేపరు వాళ్ళు నాలుగో పేజీలో, మూల, సంతాపాల కింద, 'సవరణ' అని నాలుగు ముక్కలు వేశారు.

ఆ నాలుగు ముక్కల్ని ఎవరో 'ఊరివార్త'లో పెట్టారు. ఆ రోజుల్లో పత్రికల లింకులు ఒక్కరోజే బతికేవి. మర్నాడు అదే లింకు నొక్కితే ఇంకేదో పేజీ వచ్చేది. మర్నాటికి పదిమంది 'లింకు లేదు, సొంత డబ్బా' అని అభ్యంతరం నొక్కారు. శ్రీలలిత తెరిచి చూసింది. మిర్చి ధరల పేజీ వచ్చింది. నిజమే అయ్యుంటే బాగుండునని మనసులో అనుకుంది, ఆ అనుకోవడాన్నే తప్పుపట్టుకుంది. మూడో రూలు ప్రకారం ఆధారం లేదు. తీసేసింది.

రెండు రోజుల తర్వాత అదే సవరణ, ఈసారి పేపరు ముక్కని స్కాన్ చేసి, వంకరగా, పెట్టారు. ఈసారి ఆధారం ఉంది. కానీ ఒక విషయం నెలలో ఒక్కసారే పెట్టాలన్నది అయిదో రూలు. ఈ రూలు సినిమా వాళ్ళ అభిమానులకి కూడా వర్తించింది, కాబట్టి దీనికీ వర్తించాలి. తీసేసింది. మూడోసారి వచ్చినప్పుడు దాని కింద ఒక వాక్యం కూడా ఉంది. 'దయచేసి తీసెయ్యకండి, ఆయన రోజూ అడుగుతున్నారు.' శ్రీలలిత ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. ఏడో రూలు, తీసేసింది మూడోసారి పెడితే ఖాతా నెల్లాళ్ళు మూసేయడం. మూసేసి, లేచి కుండలో నీళ్ళు తాగింది.

"మీకు తెలిసినాయనంట కదండీ? అయినా వదల్లేదు మీరు. అదీ మేడమ్!" అన్నాడు అనంతకృష్ణ. ఆ మాటకి ఆవిడ లోపల మురిసిపోయింది. పాపం, ఆ మురిపాన్ని ఆవిడ తర్వాత ఎన్నిసార్లు గుర్తుచేసుకుని కుమిలిపోయిందో చెప్పలేను.

రంజాను వెళ్ళింది, దసరా వెళ్ళింది. దీపావళికి ఇంకా వారం ఉందనగా, ఫిర్యాదుల పెట్టెలో రెండు లైన్ల ఉత్తరం వచ్చింది. 'మా నాన్నగారు బడే మియా గారు మొన్న శుక్రవారం పోయారు. ఇక ఆ సవరణ పెట్టకపోయినా ఫర్వాలేదు. హఫ్సా.'

శ్రీలలిత ఖాకీ కాగితం పీకేసింది. జిగురు తెరకి అంటుకుని రాలేదు, గోటితో గీకింది. పాత జాబితా తెరిచింది. మొదటిసారీ, రెండోసారీ, మూడోసారీ ఒకటే పేరు, హఫ్సా. ఆ పేరు పక్కనే 'దర్జీ బడే మియా కూతురు, పంజా సెంటర్' అని కూడా ఆ పిల్ల రాసుకుంది. ఎవరైనా నమ్ముతారని రాసుకుంది. ఆ సవరణని అప్పటికప్పుడు తిరిగి పెట్టి, అన్నిటికన్నా పైన కదలకుండా నిలిపి, ఏ రూలూ చూడకుండా శ్రీలలిత ఆటో ఎక్కింది.

కొట్టు అంటే ఇంటి ముందు గదే. లోపల పరదా వెనక బడే మియా భార్య సుగ్రా ఎవరితోనో మెల్లగా మాట్లాడుతోంది. ముందు గదిలో ఇరవై రెండేళ్ళ హఫ్సా కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, దారపు ఉండలు డబ్బాలో సర్దుతోంది. ఆ పిల్ల డీటీపీ సెంటర్లో టైపు చేస్తుంది. తెలుగు వేళ్ళ మీద ఆడుతుంది.

"నేను ఊరివార్త నుంచి వచ్చానమ్మా," అంది శ్రీలలిత.

హఫ్సా చెయ్యి ఆగింది. "తీసేసింది మీరేనా మేడమ్?"

"నేనే."

"మూడుసార్లూనా?"

"మూడుసార్లూ."

హఫ్సా స్టూలు ముందుకి జరిపింది. ఆ పిల్ల తిట్టి ఉంటే బాగుండేది. తిట్లు శ్రీలలితకి అలవాటే.

"మళ్ళీ పెట్టానమ్మా. అన్నిటికన్నా పైన పెట్టాను."

"ఎంతమంది చూశారండీ?"

"నేను బయల్దేరేసరికి పదకొండు మంది."

హఫ్సా నవ్వబోయి ఆగిపోయింది. "నేను తొమ్మిదొందలు చెప్పాను."

శ్రీలలితకి అర్థం కాలేదు.

"అబ్బాకి తెలుగు చదవడం రాదు మేడమ్. ఉర్దూ ఒక్కటే వచ్చు. మొదటి రోజు రంజాను రోజా విడిచే టైముకి చెప్పాను, మీ మాట వచ్చింది అబ్బా, తప్పు మీది కాదని ఊరంతా చదువుతోందీ అని. ఎంతమంది అన్నారు. నిజంగా అప్పటికి ఆరుగురు. రెండొందలని చెప్పాను. ఖర్జూరం చేత్తో పట్టుకుని నోట్లో పెట్టుకోవడం మర్చిపోయి నవ్వారు. మర్నాడు చూస్తే లేదు. ఏమని చెప్పనండీ? రెండొందల యాభై అన్నాను. రోజూ అడిగేవారు, రోజూ ఓ యాభై కలిపేదాన్ని. పండక్కి తొమ్మిదొందలయ్యాయి."

లోపల మాటలు ఆగిపోయాయి. సుగ్రా వింటోంది కాబోలు.

"దసరా ముందర మాకు ఊపిరాడదు మేడమ్. మిషనుకి నూనె వేసుకున్నారు. వచ్చినవాళ్ళు కూర్చుంటారని కుర్చీ మీద కొత్త గుడ్డ పరిచారు. పొద్దున్నే తలుపు తీసి కూర్చునేవారు. పది రోజులు. ఒక్క పిల్లా రాలేదు, ఒక్క తల్లీ రాలేదు. పండగ అయిపోయిన రోజు నన్ను పిలిచారు. 'తొమ్మిదొందల మంది చదివారన్నావు కదా బేటీ. చదివి కూడా రాలేదా?' అన్నారు."

హఫ్సా చేతిలోని దారపు ఉండ డబ్బాలో పెట్టి మూత వేసింది.

"నిజం చెప్పేస్తే సరిపోయేది. మీ మాట ఎవరికీ తెలీదు అబ్బా, అందుకే రాలేదూ అని ఒక్క మాట అంటే బతికుండేవారేమో. నోరు రాలేదు. మిషను మీద ఈ గుడ్డ కప్పింది ఆయనే. తెలిసి కూడా రాలేదనుకునే పోయారు మేడమ్. గుండె అన్నాడు డాక్టరు. మీరు తీసేసినదాంట్లో మీ తప్పెంతో, నేను కలిపినదాంట్లో నా తప్పెంతో నాకు తెలియడం లేదు. రాత్రీ పగలూ అదే లెక్క."

శ్రీలలిత ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచింది. వచ్చింది మాత్రం ఇన్నేళ్ళుగా అందరికీ చెప్పే జవాబే. "పేర్లు చూడకూడదని కాగితం అంటించుకుంటానమ్మా. తెలిసినవాళ్ళకొకటీ తెలియనివాళ్ళకొకటీ ఉండకూడదని. అందరినీ ఒక్కలాగే చూడాలని..." ఆ మాటలు తన చెవికే అసహ్యంగా వినిపించి మధ్యలో ఆపేసింది.

"ఒక్కలాగేనా?" అంది హఫ్సా. ఎత్తిపొడుపు కాదు. దర్జీ ఇంట్లో పుట్టిన పిల్ల నిజంగానే ఆశ్చర్యపోయి అడిగింది. "మీ పేరేంటి మేడమ్? ఇన్నాళ్ళూ అక్కడ అడ్మిన్ అనే ఉండేది."

"శ్రీలలిత. మీ నాన్నగారే నా మొదటి బట్టలు కుట్టారు. జ్ఞానప్రసూనాంబ గారి దగ్గర నేర్చుకునేదాన్ని. ఎనభై మూడులో."

శ్రీలలిత కూర్చోకుండా వదిలేసిన ఆ స్టూలే ఎక్కి హఫ్సా అటక మీద చిట్టాలు తడిమింది. కొలతల పుస్తకాలు, ఏడాదికొకటి. అంచులు చెదలు తిన్నది ఒకటి దించి, దుమ్ము దులిపి, వెనక నుంచి పేజీలు తిప్పింది. వేలితో ఒక చోట ఆపి, ఉర్దూలో లోపల చదువుకుని, పైకి తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది.

"శ్రీలలిత. సాంబశివరావు మాస్టారి అమ్మాయి. నడుం ఇరవై ఒకటి. చెయ్యి పదమూడు." వేలు కింది లైనుకి జరిపింది. "ఎడమ భుజం అర అంగుళం కిందికి ఉంది. లోపల ఒక మడత ఎక్కువ వేసి కుట్టాలి. పిల్లకి చెప్పకూడదు. చెప్తే స్టేజీ మీద దాని మీదే మనసుంటుంది."

శ్రీలలితకి ముప్ఫై నాలుగేళ్ళు. తన ఎడమ భుజం కిందికి ఉంటుందని అమ్మ చెప్పలేదు, నాన్నగారు చెప్పలేదు, ఏ అద్దమూ చెప్పలేదు. ఆ రోజు స్టేజీ మీద తిన్నగా నిలబడ్డానని, అందరూ చప్పట్లు కొట్టారని మాత్రం గుర్తుంది.

కుడిచెయ్యి దానంతట అదే ఎడమ భుజం మీదకి పోయింది. అక్కడ పెట్టుకుని, ఆ కొత్త గుడ్డ పరిచిన కుర్చీలో శ్రీలలిత కూలబడింది. బడే మియా ఇంట్లో మొదటిసారి బయటివాళ్ళొకరు ఆయన కోసం గట్టిగా ఏడ్చారు.