రోహిణి కార్తెలో కొన్న కోడిపిల్లలు

పెడన నేతగాళ్ళ వీధిలో రామతులసి పట్టిందల్లా బంగారం. ఆమె నేసిన చీరని బెజవాడ షావుకారు కళ్ళకద్దుకుని తీసుకుంటాడు. ఆమె పెట్టిన ఆవకాయ ఏడాది తిరిగినా బూజు పట్టదు. ఇదంతా చూస్తే పక్కింటి చౌడేశ్వరమ్మకు కడుపుమంట. తనకు మిగిలిన గొప్ప ఒక్కటే, కోళ్ళు. వీధిలో ఎవరికి గుడ్డు కావాలన్నా తన గడపే తొక్కాలి.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు మాఘమాసంలో ఆ రామతులసే వచ్చి అడిగింది.

"అక్కయ్యా, నేనూ నాలుగు కోడిపిల్లల్ని పెంచుదామనుకుంటున్నా. ఎప్పుడు కొంటే మంచిదంటావ్?"

చౌడేశ్వరమ్మ గుండెలో రాయి పడింది. ఇక కోళ్ళు కూడానా! నిజానికి కొనాల్సింది అప్పుడే. చలి విరగ్గానే కొంటే, ఎండలు ముదిరేలోగా పిల్లలకు ఈకలొస్తాయి.

"తొందరపడకు తులసీ. రోహిణి కార్తెలో కొను. ఎండ తగిలితే పిల్ల గట్టిపడుద్ది" అంది కన్నార్పకుండా.

రోళ్ళు పగిలే ఎండలో కోడిపిల్ల బతుకుతుందా? పిచ్చిది నమ్మింది. సరిగ్గా రోహిణిలోనే సంత నుంచి గంపెడు పిల్లల్ని తెచ్చుకుంది. చౌడేశ్వరమ్మ గోడ మీంచి తొంగిచూస్తే పెరట్లో పిల్ల అలికిడే లేదు. అన్నీ పోయుంటాయనుకుని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది. తొలకరి పడ్డాక చూస్తే ఏముంది, మునగచెట్టు కింద పిల్లలన్నీ గింజలేరుకుంటున్నాయి!

మార్గశిరం వచ్చింది. చౌడేశ్వరమ్మ మొగుడు రామలింగం టైఫాయిడ్‌తో మంచాన పడి లేచాడు. రోజూ గుడ్డు పెడితేగాని ఒంట్లోకి సత్తువ రాదన్నాడు బెజవాడ డాక్టరు. చౌడేశ్వరమ్మ కోళ్ళేమో ఏటా ఆ రోజుల్లో చేసినట్టే ఈకలు రాల్చుకుని, గుడ్లు మానేసి కూర్చున్నాయి. గోడవతల ఇంకా ఈకలు రాల్చే వయసు రాని కొత్త పెట్టలు గుడ్డు పెట్టి అరుస్తుంటే ఆమెకు చెవుల్లో సీసం పోసినట్టుండేది. అడగడానికి నోరు రాలేదు. మొగుడికి గంజే పోసింది.

చివరికి రామతులసే గుడ్లు పట్టుకుని వచ్చింది.

"బావగారికి పెట్టక్కయ్యా. అంతా నీ మాట చలవే. రోహిణిలో కొనమన్నావుగా!"

మంచం మీద రామలింగం తలెత్తాడు. "రోహిణిలోనా?"

"అవును బావగారూ. నూలు దొరక్క మా రెండో మగ్గం ఖాళీగా ఉందిగా, ఆ గుంటలో పెట్టా. చల్లగా ఉంటుందని. వానలు పడ్డాకే బయటికి వదిలా."

తమ ఇంట్లోనూ ఒక మగ్గం కింద కాళ్ళు దించే గుంట ఖాళీగానే ఉంది. చౌడేశ్వరమ్మకు ఆ ఆలోచన ఏనాడూ తట్టలేదు.

రామతులసి వెళ్ళాక ఆమె రెండు గుడ్లు ఉడకబెట్టి తెచ్చింది. రామలింగం ఒకటి తిన్నాడు. రెండోది ఆమె వైపు జరిపాడు.

"ఏమే, మనింట్లో ఎప్పుడన్నా రోహిణిలో పిల్లల్ని కొన్నామా?"

ఆమె గిన్నె తీసుకుని లేవబోయింది.

"ఇది నువ్వు తిను. నా ఎదురుగా తిను."

తింది. గుడ్డు కమ్మగా ఉంది. దానికి కూడా ఆమెకు ఒళ్ళు మండిపోయింది.